బంతి లేచింది, గ్యాస్ చేరిందా?

"బంతి పన్నెండు మీదనే ఉంది తాతా, అయినా వెల్డు నిండా బొక్కలే వచ్చినయ్" అన్నాడు మా మనవడు. వాడనేది వెల్డింగు గ్యాస్ మీటరులోని బంతి గురించి. వాడు ఐటీఐ అయిపోగానే సూరత్ పక్కన హజీరా వైపు ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో అప్రెంటిస్‌గా చేరాడు. మా లింబాయత్ గల్లీల్లో పిల్లలంతా ఒకప్పుడు మగ్గం మీదికే పోయేవాళ్ళు. తెలంగాణ జిల్లాల నుంచి మా పెద్దలు సూరత్‌కి వచ్చిందే మరమగ్గాలను నమ్ముకొని. ఇప్పుడు పొద్దున్నే హజీరా బస్సెక్కే పిల్లలు కూడా ఉన్నారు. నేను మగ్గాల మిస్త్రీని, ఆ తర్వాత అద్దకం మిల్లులో మెయింటెనెన్సు చూశాను. వాడికి చెప్పిన సంగతులే ఇక్కడ మీకూ చెబుతాను.

అసలు గ్యాస్ ఎందుకు కావాలో ముందు చూద్దాం. ఇనుము 1,538 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఆర్క్ కింద కరిగిన మడుగు అంతకంటే వేడిగానే ఉంటుంది. గాలిలో నూటికి 78 పాళ్ళు నైట్రోజన్, 21 పాళ్ళు ఆక్సిజన్. నైట్రోజన్ మామూలుగా ఎవరి జోలికీ పోదు. కానీ ఆర్క్ వేడికి దాని అణువు చీలి, విడివిడి పరమాణువులై, కరిగిన ఇనుములోకి దిగిపోతుంది. ద్రవంగా ఉన్నంతసేపు ఇనుము దాన్ని బాగానే ఇముడ్చుకుంటుంది. గట్టిపడే వేళకి మాత్రం ఇముడ్చుకునే శక్తి మూడో వంతుకు పడిపోతుంది. మిగిలిపోయిన నైట్రోజన్ ఎక్కడికి పోవాలి? బుడగలు కట్టి పైకి రావాలని చూస్తుంది. ఈలోపే లోహం గడ్డకడుతుంది. పైదాకా వచ్చిన బుడగ కంటికి బొక్కలా కనిపిస్తుంది. మధ్యలో చిక్కుకున్నది ఎక్స్‌రే తీస్తే నల్లచుక్కలా బయటపడుతుంది. షెడ్డులో పోరోసిటీ అని, బ్లో హోల్స్ అని విసుక్కునేది దీన్నే.

అల్యూమినియంలో నేరస్థుడు వేరే. అక్కడ హైడ్రోజన్. కరిగిన అల్యూమినియం పట్టుకోగలిగిన హైడ్రోజన్‌లో సుమారు ఇరవయ్యో వంతే గట్టి అల్యూమినియం పట్టుకోగలదు. ఆ హైడ్రోజన్ ఎక్కడిదంటే తేమ నుంచి వచ్చిందే. నీటి ఆవిరి ఆర్క్‌లో విరిగి హైడ్రోజన్ అవుతుంది. గట్టి రకం ఉక్కుల్లో ఇదే హైడ్రోజన్ ఇంకా మోసకారి. వెల్డు అయినప్పుడు అంతా బాగుంటుంది, గంటలు గడిచాకో మర్నాడో పగులు కనిపిస్తుంది. ఇన్‌స్పెక్టర్లు కొన్ని ఉక్కులకి రెండు రోజులు ఆగి మరీ పరీక్ష చేయమనడం అందుకే.

నేను నేర్చింది రాడ్ వెల్డింగు. అందులో సిలిండరూ లేదు, పైపూ లేదు. రాడ్ మీద పూతే కాలి, తన గ్యాస్ తానే తయారుచేసుకుంటుంది. రాడ్ నెమ్మెక్కకుండా చూసుకుంటే చాలు. టంగ్‌స్టన్ సూదితో చేసే టిగ్‌లో, వైరు తోసే మిగ్‌లో అలా కాదు. గ్యాస్ ఎక్కడో సిలిండర్‌లో ఉంటుంది, పని ఎక్కడో జరుగుతుంది. మధ్యలో బోలెడు దారి ఉంది. ఆ దారిలో నూటికి ఒక పాలు గాలి కలిసినా వెల్డు లోపల చుక్కలు మొదలవుతాయి. ఒకటిన్నర పాళ్ళు దాటితే పైకి తేలిన బొక్కలు కళ్ళకే కనిపిస్తాయి. గ్యాస్ సగం తగ్గనక్కర్లేదు, ఆ ఒక్క పాలు చాలు.

ఇక్కడ చిన్న పక్కదారి పట్టనివ్వండి. ఈ గ్యాస్ వెల్డింగు కథలో మన గుంటూరుకి కూడా చోటుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. దాన్ని చూడ్డానికి ఫ్రాన్స్ నుంచి పియర్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చి కూర్చున్నాడు. మద్రాసు అబ్జర్వేటరీ నుంచి నార్మన్ పోగ్సన్ మచిలీపట్నం వెళ్ళాడు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల వెలుగుని పట్టకంతో విడగొట్టి చూస్తే మెరిసే గీతలు కనబడ్డాయి. అందులో ఒక పసుపు గీత సోడియందని మొదట అనుకున్నారు, కానీ సరిగ్గా ఆ చోట పడలేదు. అదే ఏడాది ఇంగ్లండులో నార్మన్ లాకియర్ కూడా ఆ గీతని పట్టుకుని, ఇది భూమ్మీద ఎవరూ ఎరగని మూలకానిది అన్నాడు. అదే హీలియం. భూమ్మీద దాన్ని పట్టింది మాత్రం 1895లో విలియం రామ్సే. ఆ రామ్సేనే ఒక ఏడాది ముందు రేలీ దొరతో కలిసి ఆర్గాన్‌ని కనిపెట్టాడు. గాలి నుంచి తీసిన నైట్రోజన్, రసాయనాల నుంచి చేసిన నైట్రోజన్‌కంటే అర శాతం బరువు తూగుతోందని రేలీకి అనుమానం వచ్చింది. ఆ అర శాతాన్ని పోనీలే అని వదిలేయలేదు కాబట్టే, గాలిలో 0.93 శాతం ఉన్న ఆర్గాన్ దొరికింది. 1904లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది, ఒకరికి ఫిజిక్సులో, మరొకరికి కెమిస్ట్రీలో.

ఈ గ్యాసులు వెల్డింగులోకి వచ్చింది ఇలా. అమెరికాలో నార్త్రప్ విమానాల కంపెనీ ఇంజినీరు రసెల్ మెరిడిత్ మెగ్నీషియం రేకులు అతికించడానికి దారి వెతికాడు. కరిగిన మెగ్నీషియానికి గాలి తగిలితే భగ్గుమంటుంది. టంగ్‌స్టన్ సూదితో ఆర్క్ కొట్టి, చుట్టూ హీలియం వదిలాడు. 1942లో పేటెంటు వచ్చింది. దాన్ని హీలియార్క్ అన్నారు, ఇప్పటి టిగ్ అదే. హీలియం మనకి దాదాపు అంతా బయటి దేశాల నుంచి రావాలి. అందుకని మన షెడ్లలో ఆర్గాన్ వాడతాం. గాలిని ద్రవంగా మార్చి, మరిగే వేడి తేడాలతో విడగొడితే ఆర్గాన్ వస్తుంది. ఆక్సిజన్ మైనస్ 183 దగ్గర, ఆర్గాన్ మైనస్ 186 దగ్గర మరుగుతాయి. మూడు డిగ్రీల తేడాతో వాటిని విడదీసే గోపురాల్లాంటి ప్లాంట్లు పెద్ద ఉక్కు కర్మాగారాల పక్కన ఉంటాయి. ఉక్కుకి ఆక్సిజన్ కావాలి గనక, ఆర్గాన్ దానితోపాటే దొరుకుతుంది.

సరే, మనవడి బంతి దగ్గరికి వద్దాం. వాడికి చెప్పిన మొదటి మాట ఇది: "బిడ్డా, ఆ బంతి సిలిండర్ దగ్గర నుంచి ఎంత పోయిందో చెబుతుంది. టార్చ్ మూతిన ఉన్న కప్పు దగ్గరికి ఎంత వచ్చిందో దానికేం తెలుసు?"

ఫ్లోమీటర్ గాజు గొట్టం కింద సన్నగా, పైకి పోయేకొద్దీ వెడల్పుగా ఉంటుంది. గ్యాస్ కింద నుంచి వచ్చి బంతిని ఎత్తుతుంది. బంతి బరువు, గ్యాస్ తోపు సరిసమానమైన చోట అది నిలబడుతుంది. గొట్టం నిలువుగా లేకపోతే బంతి పక్క గోడకి రాసుకుని అబద్ధం చెబుతుంది. సిలిండర్‌కి ఫ్లోమీటర్ ఒరిగి వేలాడుతుంటే ముందు దాన్ని నిటారుగా సరిచేయాలి. ఇంకో సంగతి, ఆ గీతలు ఏ గ్యాస్‌కి గీశారో ఆ గ్యాస్‌కే నిజం. ఆర్గాన్ గీతల మీటరుతో సీఓటూ నడిపితే తేడా ఇరవయ్యో వంతు మాత్రమే, పోనీలే అనుకోవచ్చు. అదే హీలియం అయితే సంగతి వేరు. హీలియం ఆర్గాన్‌కంటే పది రెట్లు తేలిక. బంతిని అదే ఎత్తుకు లేపాలంటే వర్గమూలం లెక్కన మూడు రెట్లకు పైగా పోవాలి. పది అని చదువుతున్నచోట ముప్ఫై లీటర్లు పోతుంటుంది.

ఇప్పుడు అసలు మోసం చూడండి. పైపు మధ్యలో చీలి గ్యాస్ బయటికి పోతుంటే బంతి దిగుతుందని అందరూ అనుకుంటారు. దిగదు. అడ్డు తగ్గింది కాబట్టి ఉన్నచోటే ఉంటుంది, లేదా ఇంకాస్త పైకి లేస్తుంది. మా వాడి బంతి పన్నెండు మీద దర్జాగా నిలబడి ఉన్నది అందుకే. లీకు ఎంత పెద్దదో, బంతి అంత నిశ్చింతగా కనిపిస్తుంది.

దీనికి మందు చవకే. జేబులో పట్టే ఇంకో చిన్న గాజు గొట్టం మీటరు దొరుకుతుంది. ఆర్క్ కొట్టకుండా, వైరు తోసే రోలర్లని వదులు చేసి, గన్ మీట నొక్కి, నాజిల్ మూతికి దాన్ని ఆనించి నిలువుగా పట్టాలి. అక్కడ వచ్చిన అంకె, సిలిండర్ దగ్గరి అంకె ఒకటేనా? తేడా ఉంటే మధ్యలో ఎక్కడో పోతోంది. ఈ ఒక్క పరీక్ష చేసే షెడ్డు, చేయని షెడ్డు అని సూరత్ షెడ్లని రెండు జాతులుగా విడదీయవచ్చంటాను నేను. ఖరీదైన మెషీను కొని, ఈ గాజు ముక్క కొనని ఆసాములని చూస్తే నాకు నవ్వొస్తుంది.

తేడా కనబడింది. లీకు ఎక్కడో వెతకాలి. సబ్బు నురుగు అందరికీ తెలిసిందే, ప్రతి కీలుకీ రాసి బుడగ వస్తుందేమో చూడాలి. దానికన్నా తేలికది ఇంకోటి ఉంది. సిలిండర్ వాల్వు తెరిచి లైను నింపి, టార్చ్ వైపు మూసి ఉంచి, సిలిండర్ వాల్వు కట్టేయాలి. గేజ్ ముల్లు మీద చూపు పెట్టి ఐదు పది నిమిషాలు ఆగాలి. ముల్లు జారితే లీకు ఉన్నట్టే. ఈ గేజ్ లోపల వంచిన ఇత్తడి గొట్టం ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగితే అది తిన్నగా సాగాలని చూస్తుంది, ఆ కదలికే ముల్లుని తిప్పుతుంది. ఫ్రెంచి గడియారాల మిస్త్రీ యూజీన్ బోర్డాన్ 1849లో దీన్ని పేటెంటు చేశాడు, ఇప్పటికీ పెద్దగా మార్చే పని ఎవరికీ పడలేదు.

ముల్లు కదల్లేదని మురిసిపోకూడదు. మిగ్ మెషీనులో గ్యాస్‌ని ఆపి వదిలే సోలినాయిడ్ వాల్వు వైరు ఫీడర్‌లో ఉంటుంది. మీట నొక్కనప్పుడు ఆ వాల్వు దాకానే గ్యాస్ ఒత్తిడి. దాని తర్వాత ఉన్న గన్ కేబులు, కనెక్టరు, వాటి ఓ-రింగులు ఈ పరీక్షలోకి రావు. ఎక్కువ బాధలు పడేవి అవే. గన్‌ని పట్టి లాగుతాం, తొక్కుతాం, వంకరగా వంచుతాం. కనెక్టరు దగ్గరి ఓ-రింగు ఎండి పగిలితే గ్యాస్ అక్కడే వెనక్కి పోతుంది. అందుకే నాజిల్ మూతి దగ్గర కొలవమన్నది.

టిగ్ టార్చ్‌లో వెనక టోపీ కింద కూడా ఒక ఓ-రింగు ఉంటుంది. అది వేడికి గట్టిపడి, ఊడిపోయినా ఎవరికీ పట్టదు. గ్యాస్ వేగంగా పోయే చోట ఒత్తిడి కాస్త తగ్గుతుంది. సందు ఉంటే గ్యాస్ బయటికి రావడం కాదు, గాలే లోపలికి లాగబడుతుంది. నురుగు రాస్తే బుడగ కనబడదు, ఎందుకంటే ఊదడం లేదు, పీలుస్తోంది. ఇలాంటి లీకుని టంగ్‌స్టన్ సూదే చెబుతుంది. ఆర్క్ ఆపాక గ్యాస్ ఇంకొన్ని సెకన్లు రావాలి, సూది చల్లారేదాకా. చల్లారాక సూది వెండిలా తెల్లగా ఉంటే గ్యాస్ మంచిదే. నీలంగా, ఊదాగా, నల్లగా ఉంటే గాలి తగిలింది. టోపీ బిగించి, ఓ-రింగు మార్చి, మళ్ళీ చూడాలి. చీలిన పింగాణీ కప్పుని టేపు చుట్టి వాడే మహానుభావులు కూడా ఉన్నారు.

ఇప్పుడు పైపు. దీని దగ్గర కాసేపు నిలబడతాను, ఎందుకంటే సూరత్ ఊరికి ఇది ప్రత్యేకమైన గొడవ. మనది తాపీ నది సముద్రంలో కలిసే చోటు. వానాకాలంలో గోడలు కూడా చెమరుస్తాయి. ఇరవై ఎనిమిది డిగ్రీల వేడిలో, తొంభై శాతం తేమలో, గాలిలోని నీటి ఆవిరి ఒక్కటే సుమారు 34 మిల్లీబార్ల ఒత్తిడి పెడుతుంది. సిలిండర్ నుంచి వచ్చే మంచి ఆర్గాన్‌లో నీటి ఆవిరి ఒత్తిడి మిల్లీబార్‌లో ఐదో వంతు కూడా ఉండదు. అంటే బయట తేమ లోపలికంటే నూట యాభై రెట్లకు పైనే.

"లోపల ఆర్గాన్ ఒత్తిడి ఎక్కువ కదా తాతా, తేమ ఎట్ల లోపలికొస్తది?" అని వాడడిగాడు. మంచి ప్రశ్న. జాన్ డాల్టన్ చెప్పింది ఇక్కడ పనికొస్తుంది. కలిసి ఉన్న వాయువుల్లో ఒక్కో వాయువూ పక్కవాటితో సంబంధం లేనట్టు తన ఒత్తిడి తాను పెడుతుంది. రబ్బరు గోడ గుండా పాకే నీటి అణువు, లోపల ఆర్గాన్ ఎంత ఉందని అడగదు. తన జాతి వాళ్ళు బయట ఎందరు, లోపల ఎందరు అన్నదే దాని లెక్క. ఎక్కువున్న చోటు నుంచి తక్కువున్న చోటుకి పాకుతుంది. చిల్లు లేని కొత్త రబ్బరు పైపైనా సరే, మెల్లగా తేమని లోపలికి వదులుతుంది. గ్యాస్ పారుతున్నంతసేపు ఆ తేమ కొట్టుకుపోతుంది. పని ఆపి, రాత్రంతా వదిలేస్తే పైపులో నిలిచిన గ్యాస్ నెమ్మెక్కుతుంది. ఆదివారం సెలవు కూడా కలిసిందా, సోమవారం పొద్దున మొదటి వెల్డు కచ్చితంగా గొడవ చేస్తుంది. అది మెషీను తప్పనో, వైరు తప్పనో, కొత్త కుర్రాడి చెయ్యి కుదురు లేదనో పంచాయితీ పెడతారు. పది గంటలకల్లా దానంతటదే సర్దుకుంటుంది. అప్పటికి పైపు కడుక్కుపోయింది కదా మరి.

కాబట్టి పొద్దున్నే ఆర్క్ కొట్టేముందు కొన్ని నిమిషాలు ఊరికే గ్యాస్ వదలాలి. అల్యూమినియం, స్టెయిన్‌లెస్, టైటానియం పనికి రబ్బరు పైపు మాని, తేమని తక్కువగా రానిచ్చే మంచి ప్లాస్టిక్ పైపు వాడాలి. ఎంత పొట్టిగా ఉంటే అంత మేలు. ఇరవై మీటర్ల పైపు చుట్టచుట్టి నేల మీద పడేసి, అందులో మూడు మీటర్లే వాడే షెడ్లున్నాయి. మిగతా పదిహేడు మీటర్లు తేమని పట్టి దాచిపెట్టడానికే పనికొస్తాయి.

సీఓటూ సంగతి. మామూలు ఇనుప పనికి మిగ్‌లో ఇదే ఎక్కువ. ఇక్కడి గుజరాతీ మిస్త్రీలు బాట్లో అంటారు సిలిండర్‌ని. బాట్లో గేజ్ చూసి నిండుగా ఉందనుకుంటే మోసపోతారు. వంటింట్లో గ్యాస్ బండ ఆఖరి రోజు దాకా ఒకే మంటతో మండి, ఉన్నట్టుండి ఆరిపోతుంది కదా, దీని ధర్మమూ అదే. లోపల ద్రవం ఉన్నంతసేపు ఒత్తిడి మారదు. ఇరవై డిగ్రీల దగ్గర 57 బార్లు, సగం అయినా అంతే, పావు ఉన్నా అంతే. ద్రవం అయిపోయాకే ముల్లు దిగడం మొదలవుతుంది. అప్పటికి మిగిలింది కొంచెమే. పైగా సీఓటూ 31 డిగ్రీలు దాటితే ద్రవంగా ఉండనే ఉండదు. సూరత్ వేసవిలో మధ్యాహ్నం రేకుల షెడ్డులో ఉన్న బాట్లోలో ద్రవమూ కాదు, ఆవిరీ కాదు అనదగిన వస్తువు ఉంటుంది. దాని ఒత్తిడి ఎండని బట్టి ఎక్కుతుంది. పొద్దుటికీ మధ్యాహ్నానికీ ముల్లు పెరిగిందంటే ఎవరో నింపారని కాదు. ఎంత మిగిలిందో తెలియాలంటే తూచాలి. ఖాళీ బరువు సిలిండర్ భుజం మీద గుద్ది ఉంటుంది. ఆర్గాన్‌కి ఈ గొడవ లేదు, అది లోపల కూడా గ్యాసే, ముల్లు చెప్పింది నమ్మొచ్చు.

సీఓటూ వ్యాకోచించేటప్పుడు చల్లబడుతుంది. ఎడాపెడా వాడితే రెగ్యులేటర్ మీద మంచు పేరుకుంటుంది, లోపల గ్యాసే మైనస్ 78 దగ్గర పొడి మంచై దారి మూస్తుంది. హీటర్ పెట్టేది దానికోసమే. ప్లగ్గు పెట్టామా, హీటర్ వేడెక్కిందా అని చేత్తో తాకి చూడాలి. తాకితే తెలిసిపోతుంది, అయినా తాకరు.

గ్యాస్ ఎక్కువ వదిలితే మంచిదేగా అనేవాళ్ళు ప్రతి షెడ్డులో ఉంటారు. కాదు. టిగ్‌కి సుమారు 8 నుంచి 12 లీటర్లు, మిగ్‌కి 12 నుంచి 18 లీటర్లు నిమిషానికి చాలు. ఆ లెక్కలో గ్యాస్ పొరలు పొరలుగా నెమ్మదిగా దిగి మడుగుని కప్పుతుంది. ముప్ఫై దాటిస్తే పొరలు చెదిరి సుళ్ళు తిరుగుతుంది, ఆ సుడి చుట్టూ ఉన్న గాలిని లోపలికి కలుపుకుంటుంది. బొక్కలు వచ్చాయని గ్యాస్ పెంచితే బొక్కలు ఇంకా పెరిగే విచిత్రం ఇదే. మిగ్ నాజిల్ లోపల ఎగిరిపడే లోహపు చుక్కలు, అంటే స్పాటర్, పేరుకుని సగం మూసుకుపోయినా ఇదే జరుగుతుంది, సన్నబడ్డ దారిలో గ్యాస్ వేగంగా దూకి సుళ్ళు తిరుగుతుంది. నాజిల్ విప్పి, గీకి, లోపలి డిఫ్యూజర్ రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయో లేదో చూస్తే పోయేది రెండు నిమిషాలు.

ఆ తర్వాత ఫ్యాను. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ ఫ్యాను లేకుండా పనిచేయమంటే ఎవడూ చేయడు, చేయకూడదు కూడా. కానీ గంటకు 8 కిలోమీటర్లు దాటిన గాలి గ్యాస్‌ని తోసేస్తుందని ఇంజినీర్ల నియమాలు చెబుతాయి. ఫ్యాను మనిషి వీపు మీదికి తిప్పాలి, ఆర్క్ మీదికి కాదు, మధ్యలో తెర కట్టాలి. హజీరాలో మధ్యాహ్నం నుంచి సముద్రపు గాలి తగులుతుంది. పొద్దున బాగా వచ్చిన వెల్డు సాయంత్రం పాడవుతుంటే గేటు ఎటు తెరిచి ఉందో చూడమని మనవడికి చెప్పాను.

స్టెయిన్‌లెస్ పైపులకి ఇంకో పని ఎక్కువ. మా అద్దకం మిల్లులో జెట్ డైయింగ్ మెషీన్లన్నీ స్టెయిన్‌లెస్సే. బయట వెల్డు ఎంత చక్కగా ఉన్నా, లోపలి వైపు వేరుకి గాలి తగిలితే నల్లగా, గరుకుగా, పంచదార రేణువుల్లా పొక్కిపోతుంది. షెడ్డులో షుగరింగ్ అనేది దాన్నే. ఆ గరుకులో రంగు నిలుస్తుంది, ఉప్పు నిలుస్తుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. అందుకని పైపు లోపల కూడా ఆర్గాన్ నింపుతారు, దాన్నే పర్జింగ్ అంటారు. ఆర్గాన్ గాలికంటే ఒకటిన్నర రెట్లకు కొంచెం తక్కువ బరువు, కాబట్టి కింద నుంచి ఎక్కించి పైన గాలికి దారి వదలాలి. తలకిందులుగా చేస్తే ఆర్గాన్ కారిపోతుంది, గాలి మిగిలిపోతుంది. ఎంతసేపు వదిలామన్నది కాదు లెక్క, ఆక్సిజన్ మీటరు పెట్టి చూడాలి.

ఈ పర్జింగ్ గురించి చెబుతూ వాడి చెయ్యి పట్టుకుని ఒక మాట గట్టిగా చెప్పాను. ఆర్గాన్‌కి రంగు లేదు, వాసన లేదు, గొంతులో మంట లేదు. మనకి ఊపిరాడనట్టు అనిపించేది ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం వల్ల, ఆక్సిజన్ తగ్గడం వల్ల కాదు. ఆర్గాన్ నిండిన డ్రమ్ములో తల పెట్టినవాడు మామూలుగానే ఊపిరి పీలుస్తాడు, వదులుతాడు. ఉక్కిరిబిక్కిరి కాడు. రెండు మూడు గుక్కల్లో స్పృహ పోతుంది. వాణ్ణి లాగడానికి దూరినవాడూ పడిపోతాడు. వెల్డు వేరు ఎలా వచ్చిందో చూద్దామని పర్జ్ చేసిన పాత్రలోకి వంగకు, ఆక్సిజన్ 19.5 శాతానికి తక్కువుంటే లోపలికి దిగకు, బయట ఒక మనిషి లేకుండా అసలే దిగకు. లీకైన ఆర్గాన్ గుంటల్లోకి, ట్యాంకుల అడుక్కి చేరుతుంది. భోజనానికి పోయేముందు టార్చ్‌ని పాత్రలో వదిలేయకుండా బయటికి తీయమనేది కూడా ఇందుకే.

ఇవన్నీ చూసుకున్నాక, అసలు పని మీద కాదు, తుక్కు ముక్క మీద ఒక వెల్డు వేయాలి. గీకిన శుభ్రమైన ముక్క, అదే లోహం, అదే మందం. స్టెయిన్‌లెస్ అయితే వెల్డు పక్క రంగు చూడాలి, గడ్డి పసుపు అయితే సరే, ముదురు నీలం, బూడిద రంగు అయితే ఆగాలి. మిగ్ అయితే విరిచి లోపల చూడాలి. విరిచిన ముఖంలో గుండుసూది మొనంత చిల్లులు కనబడితే మళ్ళీ సిలిండర్ నుంచి మొదలు.

ఇంత చాదస్తం ఎందుకంటే, అదే హజీరాలో జరిగిన ఒక పని చెబుతాను. ఫ్రాన్స్‌లో కాదరాష్ దగ్గర ఐటర్ అనే కేంద్రక సంలీన (ఫ్యూజన్) రియాక్టర్ కడుతున్నారు. సూర్యుడిలో జరిగేదాన్ని భూమ్మీద చేసి చూడాలని ఎన్నో దేశాలు కలిసి వేసిన పందెం అది. మన దేశం తన వంతుగా దాని క్రయోస్టాట్ ఇచ్చింది. సుమారు 30 మీటర్ల వెడల్పు, 30 మీటర్ల ఎత్తు, 3,800 టన్నుల పైచిలుకు స్టెయిన్‌లెస్ స్టీలు పాత్ర. గాంధీనగర్‌లోని ప్లాస్మా రీసెర్చ్ సంస్థ తరఫున 2012లో కాంట్రాక్టు ఎల్ అండ్ టీకి దక్కింది. ముక్కలన్నీ హజీరాలో తయారై ఓడల్లో వెళ్ళాయి. మొదటివి 2015 చివర్లో, ఆఖరివి 2020 జూన్‌లో బయల్దేరాయి. అక్కడ వాటిని మళ్ళీ వెల్డు చేసి కలిపారు. ఒక్క అడుగు భాగమే 1,250 టన్నులు.

ఆ పాత్ర లోపల గాలి ఉండకూడదు, శూన్యం కావాలి. లోపలి అయస్కాంతాలని ద్రవ హీలియంతో మైనస్ 269 డిగ్రీలకి చల్లబరుస్తారు. ఒక సూది చిల్లు చాలు, శూన్యం నిలవదు. నీళ్ళు పోసి, నురుగు రాసి కనిపెట్టలేనంత చిన్న చిల్లుని ఎలా వెతుకుతారనుకున్నారు? వెల్డు మీద హీలియం వదిలి, అవతలి వైపు హీలియం పరమాణువుల్ని గుర్తుపట్టే యంత్రంతో చూస్తారు. గుంటూరు గ్రహణం నాడు దొరికిన ఆ పసుపు గీత గ్యాసే. దాని పరమాణువు చిన్నది, ఇరుకు సందుల్లోనూ దూరుతుంది, గాలిలో ఎక్కువగా లేదు కాబట్టి దొంగ వేషం వేయలేదు. అలాంటి పరీక్షకి నిలబడాలంటే ప్రతి వెల్డూ ఎక్స్‌రేకి ముందే, పొద్దున్నే పైపూ కప్పూ చూసుకునే చోటే గట్టిపడాలి. తప్పు వచ్చాక దాన్ని తవ్వి తీసి, గ్రైండ్ చేసి, మళ్ళీ వేసి, మళ్ళీ ఎక్స్‌రే తీస్తే మొదటి వెల్డుకి పట్టిన కాలానికి ఎన్నో రెట్లు పడుతుంది. ప్రతి తవ్వకానికీ పక్కనున్న ఉక్కు మరోసారి వేడెక్కి వంకర పోతుంది.

మా వాడి బొక్కల సంగతి చివరికి ఏమయిందంటే, ఫీడర్ వెనక క్లాంపు వదులై ఉంది. తిప్పుడు మరను స్క్రూడ్రైవర్‌తో ఒక చుట్టు బిగించాడు, బొక్కలు పోయాయి.

సాయంత్రం షిఫ్టు దిగేటప్పుడు ఏం చేయాలో కూడా చెప్పి పంపాను. సిలిండర్ వాల్వు కట్టెయ్యి, లైనులో మిగిలింది వదిలెయ్యి, రెగ్యులేటర్ మర వదులు చెయ్యి. బాట్లో పూర్తిగా ఖాళీ అయ్యేదాకా పీల్చకు, కొంచెం ఒత్తిడి మిగలనియ్యి. ఖాళీ సిలిండర్ వాల్వు తెరిచి వదిలేస్తే రాత్రి చల్లబడ్డప్పుడు బయటి తేమ గాలిని లోపలికి పీలుస్తుంది. నింపే దగ్గర ఎవరూ గమనించకపోతే ఆ తేమ ఇంకో షెడ్డులో ఇంకో కుర్రాడి వెల్డులో తేలుతుంది. వాల్వు బిగించి, సుద్దతో ఖాళీ అని రాసి, టోపీ పెట్టి, గొలుసు వేసి రా.